నీరడి నుంచి మీటరు దాకా: నిజాంపేట నీటి కట్టుబాట్ల చరిత్ర

హైదరాబాదుకు వాయవ్యంగా, కూకట్‌పల్లికీ బాచుపల్లికీ నడుమ ఉన్న నిజాంపేట ఇరవయ్యో శతాబ్దం చివరి వరకు చెరువుల కింద సాగు చేసుకున్న పల్లె. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమై, హైటెక్ సిటీ చుట్టూ సమాచార సాంకేతిక సంస్థలు వరుసగా వెలిసిన తరువాత, వాటిలో పనిచేసేవారికి అందుబాటు ధరలో ఇల్లు దొరికే చోటుగా ఈ ఊరు పెరిగింది. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ పంచాయతీలను కలిపి నగరపాలక సంస్థగా మార్చేనాటికి పొలాల స్థానంలో అపార్టుమెంట్లు, వసతిగృహాలు, కళాశాలలు, ఆసుపత్రులు, టిఫిన్ సెంటర్లు, కార్లు కడిగే దుకాణాలు నిండిపోయాయి. మడికి పారిన నీరు వ్యాపారానికి మళ్లిన ఈ మార్పుతో పాటు, ఎవరు ఎంత వాడాలి, ఆ వాడకాన్ని ఎవరు చూడాలి, మితిమీరితే ఎవరు ఆపాలి అనే కట్టుబాట్లు కూడా మారిపోయాయి. చెరువు కాలం నుంచి నేటి వరకు ఆ కట్టుబాట్ల చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: వాడకానికి ఒక కొలత, ఆ కొలతను రోజూ చూసే ఒక మనిషి, పొదుపు చేసినవారికే దక్కే ఒక లాభం, ఈ మూడూ కలిసిన చోటనే నీటి నియమం అమలైంది, వీటిలో ఏ ఒక్కటి తప్పినా నియమం కాగితానికే పరిమితమైంది.

చెరువు కింది ఊరు

హైదరాబాదు చుట్టుపక్కల నేల అడుగున గట్టి గ్రానైటు శిల ఉంటుంది. పైనున్న మెత్తబడిన రాతిపొరలోను, కింది శిలల పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది కనుక ఇక్కడి భూగర్భజలం పరిమితం. ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వరకు కురిసే వానలో అధిక భాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే పడుతుంది. ఇటువంటి నేల మీద బతకాలంటే కురిసిన నీటిని కురిసిన చోటనే ఆపుకోవాలి కాబట్టి, తెలంగాణ అంతటా ఒక చెరువు అలుగు దూకిన నీరు దిగువ చెరువుకు చేరేలా గొలుసుకట్టు చెరువులు ఏర్పడ్డాయి. చెరువు నిండాక మిగులు నీరు కట్టకు హాని లేకుండా పొర్లిపోయేందుకు కట్టిన రాతి కట్టడమే అలుగు. కాకతీయుల కాలంలో రామప్ప, పాకాల, లక్నవరం వంటి పెద్ద జలాశయాలతో ఊపందుకున్న ఈ నిర్మాణ సంప్రదాయం కుతుబ్‌షాహీల కాలంలో 1562లో హుస్సేన్‌సాగర్ వరకు సాగింది. నిజాంపేటలోని తుర్క చెరువు, ప్రగతినగర్‌లోని అంబీర్ చెరువు వంటివి అటువంటి గ్రామీణ జలవ్యవస్థకు చెందినవే.

చెరువు తవ్వటం కంటే దాన్ని నిలబెట్టుకోవటం కష్టమని తెలిసిన పాలకులు పోషణకు ఆర్థికమైన ఆధారం కల్పించారు. చెరువు తవ్వించినవారికి లేదా దాని మరమ్మతు బాధ్యత తీసుకున్నవారికి, ఆ నీటితో పండే భూమిలోనో దాని ఆదాయంలోనో పదోవంతును హక్కుగా ఇచ్చే దశబంధం అనే ఏర్పాటు తెలుగు దేశమంతటా శాసనాల్లో కనిపిస్తుంది. కట్ట తెగితే ఆయకట్టు ఎండుతుంది, ఆయకట్టు ఎండితే దశబంధం రాదు; అందువల్ల చెరువు బాగోగులు చూడటం ఆ హక్కుదారుకు ధర్మకార్యం ఎంతో జీవనాధారం కూడా అంతే అయింది.

కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు వద్ద 1369లో వేయించిన శాసనం ఈ జ్ఞానాన్ని శాస్త్రంగా క్రోడీకరించింది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు చేటు తెచ్చే ఆరు దోషాలను అది వివరంగా పేర్కొంది. కట్ట నుంచి నీరు ఊరటం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం వంటి వాటితో పాటు, నీరు తక్కువగా ఉండి తడపవలసిన భూమి ఎక్కువగా ఉండటాన్ని కూడా ఆ శాసనం దోషంగానే లెక్కించింది. అందుబాటులో ఉన్న నీటిని బట్టి వాడకం ఉండాలి తప్ప వాడకాన్ని పెంచుకుంటూ పోయి నీటి కోసం వెతకకూడదన్న సూత్రాన్ని ఆరున్నర శతాబ్దాల కిందటే ఇంత స్పష్టంగా చెప్పిన ఆ శాసనం, నేటి నగరాల ప్రణాళికలను కొలవటానికి ఇప్పటికీ పనికివస్తుంది.

తెలంగాణ గ్రామాల్లో ఈ సూత్రాన్ని రోజువారీ ఆచరణలోకి తెచ్చిన వ్యక్తి నీరడి. కొన్ని ఊళ్లలో నీరటికాడు అని కూడా పిలిచే ఈ గ్రామసేవకుడు తూము, అంటే చెరువు నీటిని కాలువలోకి వదిలే ద్వారం, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు మూయాలో చూసుకుని, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో వంతులవారీగా పంచి, వానాకాలం రాత్రుల్లో కట్ట మీద తిరిగి బుంగలు పడకుండా కాపలా కాసేవాడు. రైతులు కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు అతనికి వాటా ఇచ్చేవారు. కొన్ని చోట్ల ఇనాం భూమి కూడా ఉండేది. పంట పండితేనే అతనికి గింజలు దక్కేవి కనుక, ఎగువ రైతు అక్రమంగా గండి కొట్టి దిగువ మడులు ఎండబెడితే అది అతని తిండికే నష్టం. నీటిని కాచేవాడి బతుకును ఆ నీటి ఫలితంతోనే ముడివేయటం ఈ వ్యవస్థలోని బలం.

కొరత కాలానికి కూడా నియమం ఉండేది. నిజాం రాజ్యంలో వానాకాలపు వరిని ఆబి అని, వేసవి పంటను తాబి అని పిలిచేవారు. తాబికి ముందు చెరువులో మిగిలిన నీటిని అంచనా కట్టి, ఆయకట్టులో ఎంత మేరకు సాగు చేయాలో ముందుగానే నిర్ణయించే పద్ధతిని తైబందీ అనేవారు. నీరు సగమే ఉంటే సాగు కూడా ఆ మేరకే. 1357 ఫసలీలో, అంటే 1948 ప్రాంతంలో, హైదరాబాదు రాజ్యం చేసిన నీటిపారుదల చట్టం నాటికే ఇటువంటి ఆనవాయితీలకు పాలనలో స్థానం ఉంది. చెరువు మీద ఆధారపడిన ఇతర వృత్తులు కూడా ఇటువంటి హద్దులకు లోబడే సాగేవి: చాకలి రేవు ఎక్కడ ఉండాలో, బెస్తలు చేపలు ఎప్పుడు పట్టాలో, పూడిక మట్టిని కుమ్మరి, రైతు ఎప్పుడు ఎత్తుకోవాలో ఊరి ఒప్పందం నిర్ణయించేది. వేసవిలో ఎత్తిన మట్టి పొలానికి ఎరువుగా, కుండకు ముద్దగా మారేది; అదే పనితో చెరువు లోతు కూడా నిలిచేది.

ఈ వ్యవస్థను ఆదర్శంగా మాత్రమే చిత్రించటం చరిత్రకు న్యాయం కాదు. చాలా గ్రామాల్లో నీరడి దళిత కుటుంబాల నుంచి వచ్చేవాడు. ఊరంతటికీ నీరు పంచిన అతనికే ఊరి మంచినీటి బావి మీద హక్కు ఉండేది కాదు. నీటి కొలతలో ఉన్న నేర్పు సామాజిక సంబంధాల్లో లేదు. గ్రామాధికార వ్యవస్థ మారుతూ వచ్చిన కొద్దీ నీరడి, మస్కూరి, సుంకరి వంటి గ్రామసేవకుల కొలువులన్నీ గ్రామ రెవెన్యూ సహాయకులు అనే ఒకే పేరు కిందికి చేరాయి. ఆ కొలువు వెంట ఉన్న అవమానం పోవటం న్యాయమే అయినా, దానితో పాటు చెరువును రోజూ చూసే పని కూడా ఎవరికీ చెందకుండా పోయింది.

దూరపు నీటికి అలవాటు పడ్డ నగరం

పల్లెల్లో కొలత మీద నడిచిన నీరు నగరంలో క్రమంగా సరఫరా మీద ఆధారపడింది. హుస్సేన్‌సాగర్, 1806 ప్రాంతంలో 21 కమానుల ఆనకట్టతో పూర్తయిన మీర్ ఆలం చెరువు చాలాకాలం నగరవాసుల దాహం తీర్చాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి మూసీ మీద 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927 నాటికి హిమాయత్‌సాగర్ నిర్మితమయ్యాయి. వరదను ఆపటం, తాగునీరు ఇవ్వటం అనే రెండు పనులూ ఒకే కట్టడంతో సాధించిన ఆ ప్రణాళిక ఆ కాలానికి గొప్ప ముందుచూపు.

జనాభా పెరిగిన కొద్దీ నగరం మరింత దూరానికి చేయి చాచింది. 1960ల నుంచి మంజీరా నది, తరువాత సింగూరు జలాశయం, 2004 తరువాత కృష్ణా, 2015 తరువాత ఎల్లంపల్లి నుంచి గోదావరి నగరానికి చేరాయి. చివరి రెండు నదుల నీరు వంద కిలోమీటర్లకు మించిన గొట్టాల గుండా, మోటార్లతో ఎత్తిపోతల మీద వస్తుంది కనుక ప్రతి లీటరు వెనుకా కరెంటు ఖర్చు ఉంటుంది. 1989లో హైదరాబాదు మహానగర మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి ప్రత్యేక చట్టంతో ఏర్పడి ఈ భారాన్ని తలకెత్తుకుంది. అయితే నగరపు చివరి అంచున ఉన్న నిజాంపేట వంటి ఊళ్లు అప్పటికి పంచాయతీలే కావటంతో, అపార్టుమెంట్లు వేగంగా లేచిన తొలి దశలో వాటికి బోర్లు, ట్యాంకర్లే ప్రధాన ఆధారమయ్యాయి. బయటి వలయ రహదారి లోపలి గ్రామాలకు గొట్టాల నీరు విస్తృతంగా అందించే పథకాలు గత దశాబ్దంలోనే ఊపందుకున్నాయి. నీరు రాకముందే ఊరు నిండింది. పోరుమామిళ్ల శాసనం దోషంగా చెప్పిన స్థితి, అంటే కొద్ది నీటి మీద పెద్ద ఆయకట్టు, ఇక్కడ ఇళ్ల రూపంలో, వ్యాపారాల రూపంలో ఏర్పడింది.

పరిశ్రమకు చట్టం

వ్యాపారాన్ని నేరుగా ఉద్దేశించిన నీటి చట్టాలు మొదట కాలుష్యం వైపు నుంచి వచ్చాయి. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం మురుగు లేదా రసాయన జలాలు వదిలే పరిశ్రమ ఏదైనా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. మూడేళ్ల తరువాత 1977లో వచ్చిన జల సెస్సు చట్టం, నిర్దిష్టమైన పరిశ్రమలు వాడిన నీటి పరిమాణాన్ని బట్టి పన్ను వేసి, ఆ పరిమాణం తెలియటానికి మీటరు పెట్టుకోవటాన్ని తప్పనిసరి చేసి, వ్యర్థజలాన్ని శుద్ధి చేసే యంత్రాంగం పెట్టుకున్నవారికి పన్నులో రాయితీ ఇచ్చింది. కొలత, జవాబుదారీ, లాభం మూడింటినీ ఒకే నియమంలో ఇమిడ్చిన ఈ చట్టంలో సూత్రం బలమైనదైనా సెస్సు రేటు బహు స్వల్పం కావటంతో పొదుపుకు అది పెద్దగా ప్రేరణ కాలేకపోయింది. వస్తు సేవల పన్ను వచ్చిన 2017లో అది రద్దయింది. నిజాంపేటకు సమీపంలోని జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడల చుట్టూ చెరువులు, బోరుబావులు రంగు మారిన అనుభవం, నీటిని ఎంత తీసుకుంటున్నారన్న ప్రశ్నతో పాటు ఎలా తిరిగి వదులుతున్నారన్న ప్రశ్నను కూడా ఈ ప్రాంత చరిత్రలో శాశ్వతం చేసింది.

జలాశయాల పరివాహక ప్రాంతాన్ని, అంటే వాన నీరు పారి జలాశయానికి చేరే నేలను, కాపాడేందుకు 1996 మార్చి 8న జారీ అయిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు మరో మైలురాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నుంచి పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్యం కలిగించే పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను అది నిషేధించింది. ఆ పరిధిలో ఒక నూనె ఉత్పత్తుల పరిశ్రమకు మినహాయింపు ఇచ్చే ప్రయత్నం సుప్రీంకోర్టు వరకు వెళ్లగా, 1999లోను 2000లోను ఇచ్చిన తీర్పుల్లో న్యాయస్థానం ముందుజాగ్రత్త సూత్రాన్ని, అంటే హాని జరుగుతుందని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే నివారించాలన్న నియమాన్ని, బలంగా నిలబెట్టి మినహాయింపును తోసిపుచ్చింది. లక్షల మంది తాగే నీటి ముందు ఒక వ్యాపారపు సౌకర్యం చిన్నదని తేల్చిన ఆ తీర్పు దేశ పర్యావరణ న్యాయశాస్త్రంలో నేటికీ ఉదహరించబడుతోంది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఉత్తర్వులోని ఆంక్షలను సడలించింది. న్యాయస్థానం కాపాడిన నియమమైనా పాలకుల నిర్ణయంతో మారగలదని ఈ పరిణామం చూపింది.

ఇంకుడు గుంత, అనుమతి పత్రం

కొత్త శతాబ్దం మొదట్లో నీటి పొదుపు నియమాలు నేరుగా భవనాలను చేరుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో మొదలైన నీరు–మీరు కార్యక్రమంతో ఇంకుడు గుంత అనే మాట ఇంటింటికీ తెలిసింది. కప్పు మీద, ఆవరణలో పడిన వాన నీటిని గులకరాళ్లు, ఇసుక నింపిన గోతిలోకి మళ్లించి భూమిలోకి ఇంకేలా చేసే ఏర్పాటు అది. అదే కాలంలో పట్టణ భవనాలకు వాన నీటి సంరక్షణ తప్పనిసరి అయింది. 2002 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, వాడుకలో వాల్టా చట్టం, ఈ దిశలో అతి విస్తృతమైనది. కొత్త బోరు వేయటానికి అనుమతి, ప్రజల తాగునీటి ఆధారానికి 250 మీటర్ల లోపల బావుల తవ్వకం మీద నిషేధం, బోరు తవ్వే యంత్రాల నమోదు, వాన నీటి సంరక్షణ, వాణిజ్య సంస్థలు వాడిన నీటిని తిరిగి ఉపయోగించటానికి మార్గదర్శకాలు ఇచ్చే అధికారం, ఇవన్నీ ఒకే చట్టం కిందికి వచ్చాయి. భూమి కింది నీరు భూయజమాని సొత్తు అన్న పాత భావన స్థానంలో, అది అందరూ కాపాడుకోవలసిన ఉమ్మడి వనరు అన్న దృష్టిని ఈ చట్టం ముందుకు తెచ్చింది.

2012 నాటి భవన నిర్మాణ నియమాలు చెరువు చుట్టూ హద్దు గీశాయి. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు చేరే మట్టాన్ని పూర్తి నీటి మట్టం అంటారు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు నిర్మాణాలు లేకుండా వదలాలని ఆ నియమాలు చెబుతాయి. అంతకుముందే 2006లో కేంద్రం జారీచేసిన పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటనతో 20,000 చదరపు మీటర్లకు పైబడిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి అవసరమై, మురుగునీటి శుద్ధి కేంద్రం, వాడుకలో ఎస్టీపీ, పెద్ద కార్యాలయ సముదాయాలలో, గేటెడ్ కాలనీలలో సాధారణ షరతు అయింది.

ఈ నియమాలలో చాలావాటికి ఒక సామాన్య లక్షణం ఉంది: వాటిని పరీక్షించే ఘడియ ఒక్కటే, భవనానికి అనుమతో నివాసయోగ్య పత్రమో ఇచ్చే ఘడియ. ఆ రోజున ఇంకుడు గుంత ఉందా, శుద్ధి కేంద్రం ఉందా అని చూస్తారు. ఐదేళ్ల తరువాత ఆ గుంత పూడిపోయిందా, ఆ కేంద్రం నడుస్తోందా అని చూసే బాధ్యత అంత స్పష్టంగా ఎవరిదీ కాదు. పూడిక తీయని గుంతలో నీరు ఇంకదు, పొంగి వీధిలోకి పారుతుంది. నీరడి కొలువు పోయిన చోట ఏర్పడిన ఖాళీని అనుమతి పత్రం భర్తీ చేయలేకపోయింది.

ఐటీ నడవాలో రెండు దారులు

చట్టం కోరిన దానికంటే ముందుకు వెళ్లిన ఉదాహరణ కూడా ఈ ప్రాంతంలోనే ఉంది. హైటెక్ సిటీ సమీపంలో భారత పరిశ్రమల సమాఖ్య నెలకొల్పిన సోహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం భవనానికి, పర్యావరణహిత భవనాలకు అమెరికాలో రూపొందిన లీడ్ ప్రమాణంలో అత్యున్నతమైన ప్లాటినం స్థాయి దక్కింది. అమెరికా వెలుపల ఆ స్థాయి అందుకున్న తొలి భవనం అదే. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. అక్కడి మురుగునీటిని మొక్కల వేళ్ల మండలం గుండా పారించి శుభ్రం చేసి తోటకు మళ్లిస్తారు, నీరు అవసరం లేని మూత్రశాలలు వాడతారు, వాన నీటిని నేలలోకి ఇంకనిస్తారు. ఆ నమూనా ప్రభావంతో తరువాత వచ్చిన పెద్ద ఐటీ ప్రాంగణాలలో శుద్ధి చేసిన నీటిని మరుగుదొడ్లకు, చెట్లకు, శీతలీకరణ గోపురాలకు వాడటం మామూలు పద్ధతి అయింది.

అయితే ఆ ప్రాంగణాలలో పగలు పనిచేసే ఉద్యోగి సాయంత్రం చేరుకునే నిజాంపేట వసతిగృహం, అతను తినే మెస్సు, బండి కడిగించే దుకాణం ఈ ప్రమాణాల పరిధిలోకి రావు. 20,000 చదరపు మీటర్ల హద్దు కంటే ఎంతో చిన్నవైన ఈ సంస్థలు ఒక్కొక్కటిగా చూస్తే స్వల్పమే అయినా, వీధి వీధినా కలిపి లెక్కిస్తే వాటి వాడకం పెద్దదే. భారతీయ ప్రమాణాల సంస్థ 1172వ నంబరు ప్రమాణంలో నీటి అవసరాలను ఇలా అంచనా వేసింది: కార్యాలయంలో మనిషికి రోజుకు 45 లీటర్లు, వసతిగృహంలో 135, భోజనశాలలో ఒక్కో ఆసనానికి 70, హోటలులో పడకకు 180, నూరు పడకలు మించని ఆసుపత్రిలో పడకకు 340, అంతకు మించితే 450. ఈ అంకెలు నిర్మాణ సమయంలో తొట్టి ఎంత ఉండాలో లెక్కించటానికి పనికివస్తున్నాయి గాని, నడిచే వ్యాపారం తన వాడకాన్ని పోల్చుకునే కొలతగా ఇంకా ఆచరణలోకి రాలేదు.

నూరుమంది ఉండే ఒక వసతిగృహాన్ని లెక్కకు తీసుకుంటే ప్రమాణం ప్రకారమే దానికి రోజుకు 13,500 లీటర్లు కావాలి. పది వేల లీటర్ల పెద్ద ట్యాంకరు ఒకటి దానికి చాలదు. ఆ భవనం కప్పు 300 చదరపు మీటర్లు ఉండి ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే, ఆవిరి, తొలి వానకు కొట్టుకుపోయే మురికి పోగా ఐదింట నాలుగు వంతులు పట్టుకున్నా 1,92,000 లీటర్లు దక్కుతాయి. అది పద్నాలుగు రోజుల వాడకానికి సమానం. వాన నీటి సంరక్షణ ఒక్కటే ఇటువంటి వ్యాపారాన్ని నిలబెట్టలేదని ఈ లెక్క చెబుతుంది. అదే ప్రమాణం 135 లీటర్లలో 45 లీటర్లను మరుగుదొడ్ల శుభ్రతకు కేటాయించింది కనుక, స్నానపు నీటిని శుద్ధి చేసి ఆ పనికి వాడితే వాడకంలో మూడోవంతు, అంటే రోజుకు 4,500 లీటర్ల మంచినీరు మిగులుతుంది. ఇంకుడు గుంత ఊరి భూగర్భజలానికి చేసే మేలు విలువైనదే; వ్యాపారపు ఖర్చును, ట్యాంకర్ల సంఖ్యను తగ్గించగలిగేది మాత్రం లోపలి వాడకపు క్రమశిక్షణ.

నిజాంపేటలో ఈ లెక్కకు మరో కోణం ఉంది. 2016 సెప్టెంబరు భారీ వర్షాలకు ఎగువ తుర్క చెరువు నుంచి పొంగిన నీటితో భండారీ లేఅవుట్ ముంపునకు గురై, అపార్టుమెంట్ల సెల్లార్లు నీటితో నిండి, నివాసితులను బయటికి తరలించవలసివచ్చింది. వానాకాలంలో మునిగే ఊరే వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూడటం, నీరు లేకపోవటం కంటే నీటికి చోటు లేకపోవటమే ఇక్కడి అసలు సమస్య అని తేల్చిచెబుతోంది. అలుగు నుంచి దిగువకు నీరు పారే దారి మీద ఇళ్లు నిలిస్తే, గొలుసుకట్టు వ్యవస్థలో ఒక కడియం తెగినట్టే.

పొరుగు నగరాల పాఠం

నీటి నియమాలు వ్యాపారాలను ఎంత లోతుగా తాకగలవో పొరుగు నగరాలు చూపాయి. తమిళనాడు 2003లో వాన నీటి సంరక్షణను అన్ని భవనాలకూ తప్పనిసరి చేసింది. 1983 ఒప్పందం ప్రకారం తెలుగుగంగ కాలువ ద్వారా కృష్ణా జలాలు కూడా చెన్నైకి చేరే ఏర్పాటు జరిగింది. అయినా 2019 జూన్‌లో నగర జలాశయాలు ఎండిపోయినప్పుడు అక్కడి కొన్ని ఐటీ సంస్థలు ఉద్యోగులను ఇంటి నుంచే పనిచేయమన్నాయి, కొన్ని భోజనశాలలు మధ్యాహ్న భోజనాన్ని ఆపేశాయి. బెంగళూరులో 2024 మార్చిలో నీటి కొరత తీవ్రమైనప్పుడు అక్కడి జలమండలి వాహనాలు కడగటానికి, తోటలకు, నిర్మాణాలకు తాగునీరు వాడటాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా విధించింది. హోటళ్లు, వాణిజ్య సముదాయాల కుళాయిలకు నీటి ధారలో గాలి కలిపి వాడకాన్ని తగ్గించే ఏరేటర్లు బిగించటాన్ని తప్పనిసరి చేసింది. ఈ రెండు నగరాల్లోనూ వ్యాపారాలను తాకిన కఠిన చర్యలు తొట్టి అడుగంటాక వచ్చాయి. తైబందీ పద్ధతిలోని వివేకం ఇందుకు భిన్నమైనది: అక్కడ సాగు తగ్గింపు నిర్ణయం విత్తనం చల్లకముందే జరిగేది.

హైదరాబాదులో కొలతకు పునాది వేసిన ఒక అడుగు గృహాల వైపు నుంచి వచ్చింది. 2021 జనవరిలో మహానగరపాలక సంస్థ పరిధిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీటిని ఉచితంగా ఇచ్చే పథకం మొదలైనప్పుడు, దాన్ని పొందటానికి పనిచేసే మీటరు ఉండాలన్న షరతు పెట్టారు. మీటరు అంటే బిల్లు పెరుగుతుందన్న భయం ఉన్న చోట, మీటరు ఉంటేనే లాభం అన్న ఏర్పాటు వాడుకరిని కొలతకు దగ్గర చేసింది. 1977 సెస్సు చట్టంలోని రాయితీలోను, అంతకు చాలా ముందటి దశబంధంలోను కనిపించేది ఇదే తర్కం.

రోజువారీ నియమం

ఇంతటి చరిత్ర నుంచి నేటి నిజాంపేట వ్యాపారానికి అందే నియమాలు క్లిష్టమైనవి కావు. నల్లా, బోరు, ట్యాంకరు అనే మూడు దారుల నుంచి వచ్చే నీటికి వేరువేరు మీటర్లు పెట్టి రోజూ ఒకే వేళకు అంకె రాయటం మొదటిది, ఎందుకంటే ఆ పుస్తకంలో ఒక్కరోజులో పెరిగిన అంకె పగిలిన గొట్టాన్నో ఆపని మోటారునో వెంటనే పట్టిస్తుంది. సంపుకూ పై తొట్టికీ నీటి మట్టాన్ని గుర్తించే ఆటోమేటిక్ స్విచ్చు ఉండాలి. వంటింటి కుళాయిలకు ఏరేటర్లు, మరుగుదొడ్లకు రెండు మీటల తొట్లు కావాలి. ఇరవై లీటర్ల క్యాన్లు నింపే ఆర్వో యంత్రం ఉప్పు సాంద్రత పెరిగిన నీటిని బయటికి తోసేస్తుంది. దాన్ని మోరీలోకి వదలకుండా నేల తుడవటానికి, మరుగుదొడ్లకు పట్టుకోవచ్చు. బండ్లు కడిగే చోట ముందుగా పొడిబట్టతో దుమ్ము తుడిచి, ఒత్తిడితో సన్నగా వచ్చే ధార వాడి, జారిన నీటిని గుంతలో పట్టి నూనె వేరుచేసి మళ్లీ కడగటానికి ఉపయోగించాలి. ఇంకుడు గుంతను ప్రతి ఏటా తొలకరికి ముందు పూడిక తీసి, పై ఇసుక పొరను మార్చాలి. చమురు, రసాయనాలు కలిసిన నీరు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ గుంతలోకి చేరకూడదు, ఎందుకంటే శిల పగుళ్లలోకి దిగిన కాలుష్యాన్ని వెనక్కి తీయటం దాదాపు అసాధ్యం.

ఈ పనులన్నీ చేసేందుకు ప్రతి సంస్థలో ఒక పేరు ఉండాలి. అపార్టుమెంటులో మోటారు వేసే వాచ్‌మన్, వసతిగృహంలో నీటి బాధ్యత చూసే పనివాడు, హోటలులో వంటింటి పర్యవేక్షకుడు నేడు అప్రకటితంగా నీరడి పని చేస్తూనే ఉన్నారు. వారికి కొలత చేతికివ్వలేదు, పొదుపులో వాటా ఇవ్వలేదు, అంతే. తగ్గిన ట్యాంకర్ల ఖర్చులో కొంత భాగం వారికి జీతంలో చేరితే, కళ్లంలో నీరడికి దక్కిన గింజల వాటా సరైన గౌరవంతో తిరిగి వచ్చినట్టవుతుంది. పాలనా యంత్రాంగం వైపు నుంచి చూస్తే, ఇప్పటిదాకా భవనానికి ఒక్కసారి ఇచ్చే అనుమతికి కట్టిన షరతులను వ్యాపార లైసెన్సు ఏటేటా పునరుద్ధరించే సమయానికి మార్చి, మీటరు పుస్తకం, గుంత శుభ్రత, శుద్ధి కేంద్రం పనితీరు చూసి, పొదుపు చేసిన సంస్థకు రుసుములో తగ్గింపు ఇవ్వటం అసాధ్యమైన పని కాదు. నీటి అంచనాను బట్టి ఏటా సాగు నిర్ణయించిన నేల ఇది. ఏటా వాడకం లెక్క చూసే అలవాటు ఇక్కడ కొత్త ఆలోచన కాదు, మధ్యలో తెగిపోయిన పాత ఆచారం. ఆ ఆచారాన్ని అందరికీ సమానమైన హక్కుతో, అందరి మీదా సమానమైన బాధ్యతతో తిరిగి నిలబెట్టుకోవటం ఈ తరం వ్యాపారుల, పాలకుల చేతిలో ఉంది.